చీపురు బండి పోయేదాకా

పోయిన నెల హన్మకొండలో ఒక ఇంటి డాబా మీద మీటింగుకు పిలిస్తే పోయాను. మా ఊళ్లో సైకిల్ రేసు పెట్టాలని కొందరు పిల్లలు పట్టుబట్టి తిరుగుతున్నారు. తెల్లారి ఐదింటికే లేచి ధర్మసాగర్ దాకా, ములుగు రోడ్డు వెంబడి తొక్కి వచ్చే పిల్లలు. వాళ్ల హుషారు చూస్తే నాకు కడుపు నిండుతుంది. ఖర్చుల కాగితం నా చేతిలో పెట్టారు. మెడళ్లు, టీషర్టులు, స్టేజీ, ఫ్లెక్సీలు, డీజే, డ్రోన్ కెమెరా, పెద్దమనుషులకు శాలువాలు. ఒక్కోదానికి ఎదురుగా ఒక అంకె. అట్టడుగు వరుసలో "వాలంటీర్లు 40, టిఫిన్" అని రాసి ఉంది.

"ఈ నలభై మంది ఏం చేస్తరు తమ్మీ?" అని అడిగాను.

"రోడ్డు మీదికి జనం రాకుండ ఆపుతరక్కా."

"ఎట్ల ఆపుతరు?"

"విజిళ్లు ఇస్తం. తాడు పట్టుకొని నిలవడతరు."

ఆ చివరి వరుస గురించే ఈ పోస్టు. రేసు చూడవచ్చిన జనానికి దారి చెప్పడం ఒక పని. దానికి శిక్షణ కావాలి, కూలి కావాలి, ఖర్చుల కాగితంలో దానికంటూ ఒక అంకె ఉండాలి. ఈ మాట డాబా మీద చెప్పాను. సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

2022 జూలైలో నేను ఆ పనే చేశాను. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చూడటానికి బయటి దేశాల నుంచి వచ్చే అభిమానులను గుంపులుగా తీసుకుపోయే ఒక కంపెనీకి మూడు వారాల కోసం మనుషులు కావాల్సి వచ్చి నన్ను పెట్టుకున్నారు. టీవీలో కనిపించే పని కాదు అది. ఎక్కడ బస్సు దిగాలి, ఎంత దూరం నడవాలి, ఏ మలుపులో నిలబడాలి, నీళ్లెక్కడ, నీడెక్కడ, ఆటగాళ్లు ఎప్పుడొస్తారు, అంతా అయ్యాక ఎట్లా బయటపడాలి. ఇవి చెప్పడమే నా కొలువు. ఫోన్లో వివరిస్తే అమ్మకు అంతుచిక్కలేదు. "సైకిల్ తొక్కవు, టికెట్లు అమ్మవు, మరేం జేస్తవ్ బిడ్డా?" అన్నది. వెనక నుంచి బాపు గొంతు వినిపించింది: "జాతర డ్యూటీ జేస్తది."

బాపు ఆర్టీసీలో కండక్టరు. 2017లో రిటైర్ అయ్యేదాకా రెండేళ్లకోసారి మేడారం స్పెషల్ డ్యూటీ చేశాడు. నా పని మా ఇంట్లో ఆయనొక్కడికే ఒక్క మాటలో అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకు కూడా అప్పుడే సరిగ్గా అర్థమైంది.

ఎందుకంటే టూర్‌కు టికెట్ లేదు. 1903లో లోటో అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టిన పందెం అది. ఆ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. 1919 నుంచి ముందున్న ఆటగాడు వేసుకునే జెర్సీకి ఆ పసుపే అంటుకుంది. మూడు వారాలు, 21 స్టేజీలు, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు. అప్పటి నుంచి ఇప్పటిదాకా పందెం జనం వాకిళ్ల ముందు నుంచే పోతుంది. ముసలివాళ్లు ఇంట్లోని కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసుకొని చూస్తారు. క్రికెట్ మ్యాచ్ అయితే గేటు దగ్గర ఎంతమంది వచ్చారో తెలుస్తుంది. ఎవరి సీటు నంబరు ఎంతో తెలుస్తుంది, నిండిపోతే గేటు మూస్తారు. కొండదారికి గేటు ఎక్కడ పెడతారు? మేడారం అడవికి ఎక్కడ పెడతారు? అట్లాంటి చోట జనంతో వ్యవహరించడానికి మనిషికి ఉండేది నోరు, చెయ్యి, అంతకు ముందే సంపాదించుకున్న నమ్మకం.

కంపెనీలో నాకు నేర్పిన మొదటి సంగతి టైం చెప్పే పద్ధతి. టూర్ వాళ్లు ప్రతి స్టేజీకీ ఒక పట్టిక ఇస్తారు. అందులో ఒక్కో ఊరికి ఎదురుగా ముందు ప్రచార బండ్ల వరుస వచ్చే సమయం ఉంటుంది. దాని పక్కన ఆటగాళ్ల కోసం ఒకటి కాదు, మూడు టైములుంటాయి. నెమ్మదిగా తొక్కితే ఇది, మామూలుగా తొక్కితే ఇది, జోరుగా తొక్కితే ఇది. ఎదురుగాలి తగిలితే లెక్క ఒకరకంగా, తోడుగాలి ఉంటే ఇంకోరకంగా తిరుగుతుంది కాబట్టి. నేను ఆ మూడింటినీ జనానికి చెప్పాలి. "ఐదింటికి వస్తారు" అని ఒక్కటే చెబితే ఐదుంపావు అయ్యేసరికి ఒక్కొక్క కాలూ రోడ్డు మీదికి జరుగుతుంది, మెడలు సాగుతాయి, వెనకవాళ్లు ముందువాళ్లను నెడతారు. "నాలుగు ముప్పావు నుంచి ఐదున్నర లోపల" అని చెబితే ఐదున్నర దాకా ఎవరి బండరాయి మీద వాళ్లు కూర్చుంటారు. నేను కళ్లారా చూశాను. రెండు వాక్యాల మధ్య తేడా అంతే, కానీ ఆ తేడా వల్ల ఒక మలుపు మొత్తం కుదురుగా ఉంటుంది.

జూలై 14 వాళ్ల జాతీయ దినం. ఆ రోజు స్టేజీ బ్రియాన్సాఁ నుంచి ఆల్ప్ డ్యుయెజ్ దాకా, 165 కిలోమీటర్లు. గాలిబియే, క్రోయా ద ఫేర్ అనే రెండు పెద్ద కనుమలు దాటి, చివర్లో ఈ కొండ. కొండదారి 13.8 కిలోమీటర్లు, 21 మలుపులు. కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ నంబర్లు తగ్గుతాయి. ప్రతి మలుపులో బోర్డు, దాని మీద ఇక్కడ గెలిచిన వాళ్ల పేరు. 1952లో టూర్ మొదటిసారి ఈ కొండెక్కినప్పుడు గెలిచింది ఇటలీకి చెందిన ఫౌస్తో కొప్పి. ఏడో మలుపు మాత్రం డచ్ వాళ్లది. నారింజ రంగు చొక్కాలు, రాత్రంతా పాటలు. ములుగు దాటక ముందు గట్టమ్మ గుడి కాడ ప్రతి బండీ ఒక్క నిమిషమైనా ఆగినట్టు, ఆ మలుపు దగ్గర అందరూ ఆగుతారు.

మా గుంపు 34 మంది. పొద్దున్నే నడిపించుకుంటూ తీసుకుపోయి తాళ్లూ కంచెలూ లేని ఒక మలుపులో, రోడ్డుకు పైవైపున్న గట్టు మీద నిలబెట్టాను. కింది వైపు నిలబెట్టకూడదు, వెనక లోయ ఉంటుంది. ఎవరైనా ఒక్కడుగు వెనక్కి వేస్తే అంతే సంగతి.

ఆటగాళ్ల కన్నా సుమారు రెండు గంటల ముందు ప్రచార బండ్లు వస్తాయి. 1930 నుంచీ ఉన్న ఆనవాయితీ. రకరకాల వేషాలేసిన బండ్ల మీద నుంచి టోపీలు, బిస్కెట్లు, తాళం చెవుల గొలుసులు విసురుతారు. పిల్లలకు ఆటగాళ్ల కన్నా ఇదే పండగ. నాకు రోజంతటిలో ఎక్కువ భయం వేసేది ఈ అరగంట, ముప్పావు గంటే. 2000లో ఒక పిల్లవాడు, 2002లో ఇంకో పిల్లవాడు ఈ బండ్ల కింద పడి చనిపోయారు. నేను మా గుంపులోని పిల్లలను ముందే పిలిచి, మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల ఎత్తుకు వచ్చి చెప్పాను: గడ్డి మీద పడ్డది మీది, తారు మీద పడ్డది ఎవరిదీ కాదు. పెద్దవాళ్లకు కూడా అదే చెప్పాను. టోపీ కోసం ముందుకు దూకేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ.

తర్వాత రెండు గంటలు ఎండ. ఆ వారం ఫ్రాన్స్‌లో ఎండలు దంచికొట్టాయి. మధ్యాహ్నం మూడింటికి అనుకుంటా, అరవై ఏళ్లుంటాయి ఆమెకు, కళ్లు తిరుగుతున్నాయని కూలబడిపోయింది. నీళ్ల సీసా నిండుగా ఉంది. పొద్దుటి నుంచి గుక్కెడు తాగలేదు. ఎందుకు తాగలేదని నేను అడగలేదు, అడగాల్సిన అవసరం లేకపోయింది. మేడారం పోయిన ప్రతిసారీ మా అమ్మ, మేనత్త, మా వాడకట్టు ఆడవాళ్లంతా చేసేది అదే. తాగితే పోవాలి, పోవడానికి చోటు ఎక్కడుందో తెలియదు, అందుకని తాగరు. ఆల్ప్స్ కొండ మీద ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ మా అమ్మ చేసిన పనే చేసింది. నిజానికి మూడు వందల మీటర్ల పైన తాత్కాలిక మరుగుదొడ్లు ఉన్నాయి. నాకు తెలుసు. కానీ నోరు తెరిచి చెప్పలేదు. చర్చికి పోయే దారి చెప్పాను, ఐస్‌క్రీం బండి ఎక్కడుందో చెప్పాను, ఈ సంగతి మాత్రం అడిగితే చెబుదాం అనుకున్నాను. ఆడవాళ్లు అడగరు. ఎవరూ అడగకముందే, అందరికీ వినపడేట్టు, మగవాళ్ల ముందే చెప్పాలి. ఆ రోజు నుంచి నా మొదటి మాట అదే అయింది. "నమస్తే, మరుగుదొడ్లు ఫలానా చోట ఉన్నాయి, ఇంత దూరం, ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి." ఆ తర్వాతే రేసు ముచ్చట.

ముందు హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తుంది. తర్వాత పోలీసు మోటారుసైకిళ్లు, అధికారుల ఎర్ర కార్లు. అప్పుడు మిగతా మందిని వదిలి ముందుకు దూసుకొచ్చిన నలుగురైదుగురు ఆటగాళ్లు. ఆ రోజు గెలిచినవాడు టామ్ పిడ్కాక్, 22 ఏళ్ల కుర్రవాడు. ముందురోజే పసుపు జెర్సీ చేజిక్కించుకున్న వింగెగార్డ్ కాసేపటికి వెనకాలే వచ్చాడు. వీళ్లెవరినీ నేను చూడలేదు. నా వీపు రోడ్డు వైపు, ముఖం జనం వైపు. వాళ్ల ముఖాలు వెలగడం చూసి, ఆటగాళ్లు నా వెనక నుంచి పోతున్నారని తెలుసుకున్నాను.

అందరూ అనుకున్నట్టు కాదు, మొదటి ఆటగాడు వచ్చినప్పుడు ప్రమాదం తక్కువ. అప్పుడు అందరి కళ్లూ రోడ్డు మీదే ఉంటాయి. పేరున్నవాళ్లు పోయాక, చప్పట్లు ఆగాక, "అయిపోయింది" అనుకొని జనం రోడ్డు మీదికి దిగుతారు చూడండి, అసలు ప్రమాదం అప్పుడు. ఇంకా సగం మంది ఆటగాళ్లు కిందనే ఉంటారు. నెత్తిన సైకిళ్లు కట్టుకున్న జట్టు కార్లు మలుపులు తిరుగుతూ వస్తుంటాయి. కొండలెక్కలేని బలమైన ఆటగాళ్లంతా ఒక గుంపుగా, టైం దాటకుండా చేరితే చాలని తొక్కుతూ, అరగంట వెనక ఉంటారు. వాళ్లందరి వెనక ఒక బండి ఉంటుంది. దాన్ని వాళ్ల భాషలో చీపురు బండి అంటారు. 1910లో మొదటిసారి పెద్ద కొండలు ఎక్కించినప్పుడు, తొక్కలేక ఆగిపోయినవాళ్లను ఎక్కించుకోవడానికి పెట్టారు. ఆ రోజు నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు: "చీపురు బండి పోయేదాకా రోడ్డు మనది కాదు." రెండోసారి అన్నప్పుడు నవ్వారు. ఐదోసారికి మా గుంపులో పదేళ్ల పిల్ల పక్క గుంపువాళ్లకు చెబుతోంది.

ఇంతవరకూ బాగానే చేశాను. తర్వాత తప్పు చేశాను.

దిగేటప్పుడు ఎక్కడ కలవాలో చెప్పాలి కదా. "చర్చి దగ్గర, ఏడింటికి" అన్నాను. నా మనసులో ఉన్నది యూయెజ్ ఊరి చర్చి, ఏడో మలుపు దగ్గరిది. కింద లా గార్డ్ అనే ఊళ్లో ఇంకో చర్చి ఉంది. ఒక ముసలి జంట పొద్దున ఎక్కేటప్పుడు దాన్ని చూశారు. వాళ్లకు చర్చి అంటే అదే. వేలమంది ఒక్కసారే దిగుతున్న కొండ మీద, ఫోన్లు కలవని చోట, వాళ్లు దాదాపు మూడు గంటలు మెట్ల మీద కూర్చున్నారు. నేను చీకట్లో పైకీ కిందికీ తిరిగాను. దొరికాక ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. భార్య భుజం మీద తన కోటు కప్పి కూర్చుని ఉన్నాడు. 21 మలుపులకూ నంబర్లు రాసిపెట్టిన కొండ మీద నేను "చర్చి దగ్గర" అన్నాను. ఏడు అనే ఒక్క అంకె చెబితే సరిపోయేది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటుంది.

ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "ఏ గుడి కాడ అని చెప్పకుంటె మనిషి ఎట్ల వస్తడు బిడ్డా?" అని, తను చేసిన పని మొట్టమొదటిసారి నాకు వివరంగా చెప్పాడు. పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను అడగని సంగతి.

మేడారంలో మూడో రోజు శుక్రవారం. సమ్మక్క, సారలమ్మ ఇద్దరూ గద్దెల మీద ఉండే రోజు. మొక్కు అప్పజెప్పి, నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి చెల్లించి, జంపన్న వాగులో తడిసిన బట్టలతోనే ఇంటి తొవ్వ పట్టే జనం. చంకన పిల్ల, నెత్తిన మూట. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉంటారు. ఆర్టీసీ కట్టిన తాత్కాలిక బస్టాండులో అందరిదీ ఒకటే ప్రశ్న, మా ఊరి బస్సు ఏది? బాపు అక్కడ ఒక స్టూలు మీద నిలబడేవాడు. ఎవరికీ ఎడమకు పో, కుడికి పో అని చెప్పేవాడు కాదు. ఎదురుగా నిలబడితే ఆయన ఎడమ వాళ్లకు కుడి. పైగా రెండు రాత్రులు నిద్ర లేని మనిషికి ఎడమేది, కుడేది? "గా ఎర్ర బల్బు కనవడుతుందా? గా బల్బు కాడికి పోయి పరకాల బస్సని అడుగు." గుర్తు ఒకటి, మాట ఒకటి. అక్కడికి పోయాక తర్వాతి మాట చెప్పడానికి ఇంకో కండక్టరు ఉంటాడు. బస్సు లేదు అని ఎప్పుడూ అనకూడదట. లేదు అంటే జనం లేచి, ఏ బస్సు కనిపిస్తే దాని వెంట ఉరుకుతారు. "ముప్పావు గంటల వస్తది, అందాక గీడ కూసోండ్రి" అనాలి. ఆ మాట ముందు ముసలామెకు చెప్పాలి. ఆమె మూట దింపుకొని కూర్చుంటే ఇంటిల్లిపాదీ ఆమె చుట్టూ కూర్చుంటారు. మగపిల్లలకు చెబితే వాళ్లు ఇంకో బస్సు వెతుకుతూ పోతారు, మంది చెల్లాచెదురవుతారు.

ఏ మేనేజ్‌మెంట్ కాలేజీలోనైనా ఈ ముసలామె సూత్రం చెబుతారేమో నాకు తెలియదు. నా మూడు వారాల కొలువులో మిగిలిన పది రోజులూ నేను దాన్నే వాడాను. ముందు నానమ్మలకు చెప్పాను. పనిచేసింది.

"అవన్నీ ఫ్రాన్స్‌లో నడుస్తయక్కా, మన జనం ఇనరు." డాబా మీద ఈ మాట ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఈ మాట ఒప్పుకోను. మన జనం మీద మనకే ఇంత చులకన ఎందుకో అర్థం కాదు.

ఫ్రాన్స్ జనం వింటారా? 2021లో టూర్ మొదటి రోజు, బ్రెస్ట్ నుంచి లాండెర్నో పోయే దారిలో ఒక అమ్మాయి అట్ట ముక్క పట్టుకొని రోడ్డు మీదికి వంగింది. తాతకూ అమ్మమ్మకూ టీవీలో కనిపించాలని. ముఖం కెమెరా వైపు, వీపు ఆటగాళ్ల వైపు. టోనీ మార్టిన్ ఆ అట్టకు తగిలి పడ్డాడు, వెనక పదుల మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. కోర్టు ఆమెకు 1,200 యూరోల జరిమానా వేసింది. 2018లో నేను నిలబడిన ఈ ఆల్ప్ డ్యుయెజ్ మీదే విన్సెంజో నిబాలి ఒక ప్రేక్షకుడి కెమెరా పట్టీ చిక్కుకొని పడి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు. 1994లో ఆర్మాంతియేర్‌లో గమ్యం ముందర ఫోటో తీయడానికి రోడ్డు మీదికి వంగినవాడు సాక్షాత్తూ ఒక పోలీసు. నెలిసెన్ అతన్ని గుద్దుకున్నాడు, జలాబేర్ ముఖం పగిలింది. ఆపడానికి నిలబెట్టిన మనిషే ఒక్క క్షణం చూడటానికి వచ్చిన మనిషి అయిపోయాడు. కాబట్టి వినడం, వినకపోవడం ఏ దేశం రక్తంలోనూ లేదు. సంబరంలో మనిషికి ఒళ్లు తెలియదు. పక్కన తెలిసిన మనిషి ఉండి చెప్పాలి.

మన జనం సంగతి చెబుతాను. 2024 ఫిబ్రవరి జాతరలో గురువారం సాయంత్రం అమ్మతో పాటు చిలకలగుట్ట దారి పక్కన ఉన్నాను. సమ్మక్కను తీసుకొచ్చే టైం అది. ఎన్ని లక్షల మంది ఉన్నారో ఎవరు చెప్పగలరు? ఇసుక వేస్తే రాలడం లేదు. గుట్ట మీద నుంచి అమ్మవారు కదిలిందనడానికి గుర్తుగా గాలిలోకి తుపాకీ పేలింది. అంతే, మందిలో ఒక కదలిక. ఎదురుకోళ్లు ఎగిరాయి, శివసత్తులు ఊగారు, తాళ్లు పట్టుకున్న పోలీసుల నడుమ పూజారులు ఉరుకుతూ వచ్చారు. అంత మందీ పాయలాగా చీలి తొవ్వ ఇచ్చారు. ఎందుకు ఇచ్చారు? తాడుకు భయపడి కాదు, లక్షల మందిని ఏ తాడు ఆపుతుంది? వచ్చేది ఎవరో, ఎటునుంచి వస్తున్నదో, ఎటు పోతుందో, వచ్చే ముందు ఏ చప్పుడు వినిపిస్తుందో చిన్నప్పటి నుంచీ అందరికీ తెలుసు. ఆ తాడు పట్టుకున్న పోలీసుల ముఖాలు మా వైపు ఉన్నాయి. వాళ్ల వీపు అమ్మవారి వైపు. నాకు నా మలుపు గుర్తొచ్చి కళ్లు నిండాయి. బాపు కూడా ఇన్ని జాతర్లు చేసి, సమ్మక్క గద్దెకెక్కడం ఒక్కసారీ చూడలేదు.

తెలియని చోట ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్లో కుంభమేళాకు పోయే జనం. ప్రయాగ్‌రాజ్ పేరుతో రెండు బండ్లు, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అనౌన్స్‌మెంటులో గందరగోళం. మెట్ల మీద తొక్కిసలాటలో 18 మంది పోయారు. వాళ్లు క్రమశిక్షణ లేని జనం కారు. రైలు అందుకోవాలనుకున్న జనం. నా చర్చికీ ఆ రెండు బండ్లకూ ఉన్న పోలిక నన్ను వదలదు. నా తప్పుకు ఒక ముసలి జంట చలిలో కూర్చుంది, నా అదృష్టం అంతవరకే ఉంది.

పోలీసులు ఉంటారు కదా అంటారు. ఉండాలి. కానీ వాళ్లను వేరే ఊళ్ల నుంచి డ్యూటీకి తెస్తారు, వాళ్లకు మన సందులు తెలియవు. వాట్సాప్‌లో పెడతాం అంటారు. పెట్టండి. నలుగురు గుమిగూడిన చోట నెట్ ఆడదని మేడారం పోయిన ప్రతివాళ్లకూ తెలుసు.

ఇంకో సంగతి నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆల్ప్స్‌లో నా ముందున్నవాళ్లు రేసు చూడటానికి ఖర్చు పెట్టుకొని వచ్చినవాళ్లు. హన్మకొండలో ఆదివారం పొద్దున రోడ్డు పక్కన ఉండేవాళ్లు రేసు కోసం వచ్చినవాళ్లు కారు. పాలు పోసేవాళ్లు, భద్రకాళి గుడికి పోయేవాళ్లు, ఎంజీఎం ఆసుపత్రిలో ఉన్న మనిషికి టిఫిన్ క్యారియర్ తీసుకుపోయేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు. సైకిళ్లు వాళ్ల రోడ్డు మీదికి వస్తున్నాయి. వాళ్లను ఆపే హక్కు మనకు ఎవరిచ్చారు? అడగాలి, ముందే చెప్పాలి.

అందుకని పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి నేనూ బాపూ హంటర్ రోడ్డు మీద ఒక సందు మొగదల నిలబడ్డాం. రేసు లేదు, ఊరికే. ఒక కూరగాయలామె గంప నెత్తిన పెట్టుకొని వస్తోంది. బాపు ఆపాడు.

"అక్కా, వచ్చే నెల ఒక ఆదివారం గీ రోడ్డు మీద సైకిళ్ల పందెం పెడుతున్నరు. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాక. నీకు ఇబ్బందైతదా?"

"పందెమైతె నాకేంది? నేను ఆరింటికల్ల అటు దాటాలె. లేకుంటె కూర వాడిపోతది."

"అయిదున్నరకు దాటుతవా?"

"దాట్త. ముందుగాల్నే చెప్పిండ్రు గద." రెండడుగులు వేసి మళ్లీ తిరిగి వచ్చింది. "గా వెనక సందులకెల్లి ఇస్కూలు దిక్కు తొవ్వుంది, మీకెర్కనా? ఆటోలన్ని గాడికెల్లే వస్తయి. గక్కడ మనిషిని వెట్టుండ్రి."

మాకు తెలియదు. మ్యాపులో ఆ సందు చివర గోడ ఉన్నట్టు చూపిస్తోంది. గోడ కూలి చాలా కాలమైందట. ఆమె చెప్పకపోతే రేసు మధ్యలో ఆ సందులోంచి ఒక ఆటో నేరుగా సైకిళ్ల మీదికి వచ్చేది.

ఇవన్నీ ఆ పిల్లలకు చెప్పాను. నలభై మంది వద్దు, ఇరవై ఐదు మంది చాలు, కానీ ఏ సందు దగ్గర నిలబడేవాళ్లు ఆ సందులో పుట్టి పెరిగినవాళ్లై ఉండాలి. ఆడవాళ్లు కనీసం సగం ఉండాలి. ఒక పూట కూలి ఇవ్వాలి, ఎందుకంటే ఊరికే వచ్చిన మనిషి పెద్దమనిషి కారు వస్తే ఫోటో కోసం వదిలి పోతాడు. ముందురోజు సాయంత్రం రెండు గంటలు శిక్షణ, బాపు వచ్చి చెబుతాడు. ప్రతి ఒక్కరి జేబులో మూడు టైములు రాసిన చీటీ. సందుకో నంబరు, గోడ మీద సుద్దతో. ముఖం జనం వైపు. అంబులెన్సు వస్తే ఎవరు ఎవరికి చెయ్యి ఊపాలో ముందే అనుకోవాలి. ఆఖరి సైకిల్ వెనక ఒక ఆటో, దానికి నిజంగానే ఒక చీపురు కట్టాలి. అది పోయినంక రోడ్డు మీది అని వాడవాడకూ చెప్పొచ్చు. చదువు రానివాళ్లకూ, చంటిపిల్లలకూ అర్థమవుతుంది.

నిన్న రాత్రి ఫోన్ చేశారు. డీజే తీసేశారట, ఆ డబ్బు వాలంటీర్ల వరుసలోకి మార్చారట. చీపురు ఆటో మాట అందరికీ నచ్చింది. శిక్షణకు శనివారం సాయంత్రం ఐదింటికి అనుకున్నారు. బాపు అప్పుడే పాత సంచిలోంచి తన విజిల్ తీసి కడిగి పెట్టుకున్నాడు.

మరుగుదొడ్ల సంగతి అడిగితే, రెండు గంటల రేసే కదక్కా, అవసరమా అన్నారు. రేపు మళ్లీ పోతున్నాను. ఈసారి అమ్మను కూడా తీసుకుపోతాను.